నాలుగేళ్ళు కడుపుకు వైద్యం చేయించుకున్న ఒక నోటి దుర్వాసన కేసు

ఆమె కుర్చీలో వెనక్కి వాలాక కూడా కొంగు నోటి మీది నుంచి తీయలేదు. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ తల పక్కకు తిప్పి, గోడతో మాట్లాడుతున్నట్టు జవాబు చెప్పారు. వయసు 46. హైస్కూల్లో లెక్కల టీచరు. వచ్చిన కారణం దగ్గర కేస్ షీటులో ఆమె మాటలే రాసుకున్నాను: "నోరు వాసన. కడుపులోంచి వస్తోందట. మంచి మౌత్‌వాష్ ఏదైనా రాసివ్వండి."

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను, నేను చేసిన పొరపాటుతో సహా. ఎందుకంటే ఇలాంటి పేషెంట్లు నెలకు ముగ్గురు నలుగురు వస్తారు. దాదాపు అందరూ కడుపు డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆ తర్వాతే పళ్ళ డాక్టరు దగ్గరికి వస్తారు.

మొదట ఆమె కథ. నాలుగేళ్ళ క్రితం ఇంట్లో చిన్నవాడు "అమ్మా, నీ నోరు వాసన వస్తోంది" అన్నాడు. పెద్దవాళ్ళెవరూ ఆ మాట అనలేదు. గ్యాస్ అనుకుని మాత్రలు వాడారు. తగ్గలేదు. ఎండోస్కోపీ చేయించుకుంటే కొద్దిగా గాస్ట్రైటిస్ (కడుపు లోపలి పొర వాపు) ఉందని, హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కూడా ఉందని రెండు వారాల యాంటీబయాటిక్స్ ఇచ్చారు. వాసన పోయింది! మూడు వారాలు హాయిగా ఉన్నారు. తర్వాత మళ్ళీ మొదలైంది. కడుపులో క్రిమి తిరిగొచ్చిందనుకుని రెండో ఎండోస్కోపీ చేశారు. ఈసారి ఏమీ లేదు. అయినా రెండేళ్ళుగా రోజూ పరగడుపున పాంటోప్రజోల్ అనే ఆమ్లం తగ్గించే మాత్ర వేసుకుంటూనే ఉన్నారు. పక్కన ఏలకులు, లవంగాలు, సోంపు, పిప్పరమెంట్లు. ఆరు నెలలు నువ్వుల నూనెతో పుక్కిలించడం కూడా చేశారు.

యాంటీబయాటిక్స్‌తో వాసన పోయి, ఆపాక తిరిగి రావడం దగ్గరే నా చెవి నిలబడింది. ఆ కోర్సులో మెట్రోనిడజోల్ ఉంది. గాలి సోకని చోట బతికే బాక్టీరియాను చంపే మందు అది. మందు కడుపుకని ఇచ్చినా రక్తంలో కలిసి చిగుళ్ళకూ వెళుతుంది, ఉమ్ములోకీ వస్తుంది. కాబట్టి వాసన తగ్గినంత మాత్రాన అది కడుపులో పుట్టిందని రుజువు కాదు. గాలి సోకని బాక్టీరియా ఎక్కడో గూడు కట్టుకుని ఉందని మాత్రమే తెలుస్తుంది.

అసలు కడుపు నుంచి వాసన మామూలుగా బయటికి రాదు. అన్నవాహిక తెరిచి ఉంచిన గొట్టం కాదు. మింగినప్పుడు, తేన్చినప్పుడు తెరుచుకుంటుంది, మిగతా సమయమంతా మూసుకునే ఉంటుంది. తేనుపుతో పాటు వచ్చే వాసన వేరు, మాట మాటకీ వచ్చే వాసన వేరు. బెల్జియంలోని లూవెన్ యూనివర్సిటీ ఆసుపత్రిలో నోటి దుర్వాసన కోసమే నడిపే క్లినిక్ ఉంది. అక్కడికి వచ్చిన 2,000 మంది వివరాలను 2009లో ప్రచురించారు. దాదాపు 76 శాతం మందిలో కారణం నోట్లోనే దొరికింది. అన్నిటికంటే ఎక్కువగా నాలుక మీది పాచి, ఆ తర్వాత చిగుళ్ళ జబ్బు, చాలామందిలో రెండూ కలిసి. కడుపు వాటా చాలా చిన్నది. ఆ లెక్కలో మరో అంకె నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. దాదాపు 16 శాతం మందికి అసలు వాసనే లేదు, ఉందని నమ్ముతున్నారంతే. కాబట్టి వాసన నిజంగా ఉందో లేదో తేల్చకుండా ఎవరికీ మౌత్‌వాష్ చీటీ రాయకూడదని నా పట్టుదల.

తేల్చడానికి నా దగ్గర ఉన్నది ముక్కే. సల్ఫర్ వాయువులను కొలిచే హాలిమీటర్, ఒక్కో వాయువును విడదీసి చూపే ఓరల్‌క్రోమా వంటి పరికరాలు ఉన్నాయి, నా క్లినిక్‌లో లేవు. అయినా పరిశోధనల్లో కూడా శిక్షణ పొందిన మనిషి ముక్కునే అసలు కొలమానంగా తీసుకుంటారు. 0 అంటే ఏ వాసనా లేదు, 5 అంటే భరించలేనంత. పేషెంటు ముందే కొన్ని నియమాలు పాటించాలి: రెండు రోజులు ఉల్లి, వెల్లుల్లి, మసాలా మానాలి. వచ్చే రోజు పళ్ళు తోముకోకూడదు, సెంటు, పౌడరు పూసుకోకూడదు, ఏమీ నమలకూడదు. మూడు వారాల్లోపు యాంటీబయాటిక్ వాడి ఉండకూడదు. పళ్ళు తోముకోకుండా డాక్టరు ముందు కూర్చోవడం మనవాళ్ళకు ఎంత నామోషీయో నాకు తెలుసు. ఆమె ఒప్పుకోవడానికి పది నిమిషాలు పట్టింది.

రెండో విజిట్‌కు భర్తను కూడా రమ్మన్నాను. ఎవరి నోటి వాసన వాళ్ళకు తెలియదు, ముక్కు దానికి అలవాటుపడిపోతుంది. ఇంట్లో మనిషి సాక్ష్యం కావాలి. ఆయన్ను పక్క గదిలో కూర్చోబెట్టి అడిగాను. చాలాసేపు నేల చూశారు. "వస్తుంది డాక్టర్ గారూ. ఏడెనిమిదేళ్ళుగా. చెబితే బాధపడుతుందని..." అన్నారు. అంటే కొడుకు చెప్పిన నాలుగేళ్ళకు ముందు మరో నాలుగేళ్ళు. ఆ తేదీ కేస్ షీటులో పెద్ద మార్పే తెచ్చింది, కానీ దాని విలువ నాకు ఆరు వారాల తర్వాత గానీ అర్థం కాలేదు.

పరీక్ష ఇలా జరిగింది. నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలమన్నాను: 0. అంటే ఊపిరితిత్తులు, సైనస్, రక్తంలో కలిసి వచ్చే వాసనలు దాదాపు పక్కకు పోయాయి. కాలేయం, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళలో వాసన రక్తం నుంచి ఊపిరితిత్తుల్లోకి వస్తుంది కాబట్టి ముక్కులో కూడా తెలుస్తుంది. తర్వాత నోటితో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టమన్నాను: 4. టాన్సిల్స్‌లో రాళ్ళు లేవు. ప్లాస్టిక్ స్పూనుతో నాలుక వెనక భాగం మెల్లగా గీసి, కాసేపు ఆగి స్పూను వాసన చూశాను: 4. నాలుకను ఆరు భాగాలు చేసి పాచికి మార్కులు వేస్తే 12కి 9 వచ్చాయి, దాదాపు అన్నీ వెనక భాగానివే. పై దవడ కుడివైపు దంతాల సందుల్లో ఫ్లాస్ తిప్పి వాసన చూస్తే 3.

చిగుళ్ళ కొలతలు తీసుకున్నాను. మొత్తం కొలిచిన చోట్లలో సగానికి పైగా రక్తం వచ్చింది. దవడ పళ్ళ దగ్గర చిగురు తిత్తులు, అంటే చిగురు పన్నును వదిలేసి ఏర్పడిన సందులు, 5, 6 మిల్లీమీటర్ల లోతున్నాయి. పై కుడి మొదటి దవడ పన్ను వెనక ఏకంగా 7. ఎక్స్‌రేలో వేర్ల చుట్టూ ఎముక మూడో వంతు పైగా కరిగింది. మూడో స్టేజీ పెరియోడాంటైటిస్, పన్ను చుట్టూ ఎముకను కరిగించే చిగుళ్ళ జబ్బు. నొప్పి లేదు. ఈ జబ్బు అందుకే ఇన్నేళ్ళు దాక్కుంటుంది.

ఇంకొకటి. అయిదు నిమిషాలు ఉమ్మును కప్పులోకి వదలమంటే ఒక్క మిల్లీలీటరే వచ్చింది, నిమిషానికి 0.2. తక్కువే. స్కూల్లో బాత్రూములు బాగోవని పొద్దున్న నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగరట. మన టీచర్లు చాలామంది చేసే పని ఇది. చిగుళ్ళు ఇంతగా పాడై, నోరు ఇంత ఎండి ఉంటే షుగర్ పరీక్ష చేయించకుండా వదలను. రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ 8.2 వచ్చింది. షుగర్ ఉన్నట్టు ఆమెకు అప్పటిదాకా తెలియదు.

ఇక్కడ కొంచెం ఆగి, వాసన ఎలా పుడుతుందో చెప్పాలి. చికిత్సలో ప్రతి మెట్టూ దీని మీదే నిలబడింది.

నోట్లో బాక్టీరియా ఉండటం జబ్బు కాదు. 1683లో డచ్ వర్తకుడు లీవెన్‌హుక్ తన పళ్ళ మీది పాచిని సొంత సూక్ష్మదర్శినిలో చూసి, అందులో ఈదుతున్న ప్రాణులున్నాయని లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. తేడా ఏ జాతులు ఎక్కడ గుమిగూడాయన్న దానిలో ఉంది. నాలుక వెనక భాగం నున్నగా ఉండదు, గడ్డి మొలిచిన నేలలా ఉంటుంది. రాలిన కణాలు, ఉమ్ములోని ప్రొటీన్లు, తిండి మిగుళ్ళు అక్కడ చిక్కుకుంటాయి. చిగురు తిత్తి అడుగున రక్తం, చీము వంటి ద్రవం ఊరుతుంది. రెండు చోట్లా గాలి ఆడదు. పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్, ట్రెపొనెమా డెంటికోలా, టానెరెల్లా ఫోర్సిథియా, ఫ్యూసోబాక్టీరియం వంటివి అక్కడ ప్రొటీన్లను తిని బతుకుతాయి. సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని విరిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. మెథియోనిన్‌ను విరిస్తే మిథైల్ మెర్కాప్టన్, అంతకంటే ఘాటైనది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో జోసెఫ్ టోంజెటిచ్ 1970ల నాటికే వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రోమటోగ్రఫీతో ఈ వాయువులే ప్రధానమని నిరూపించాడు. చిగుళ్ళ జబ్బున్న వాళ్ళలో మిథైల్ మెర్కాప్టన్ వాటా పెరుగుతుందని 1992లో జపాన్ పరిశోధకులు యాయెగాకి, సనడా చూపించారు.

ఉమ్ము ఈ మొత్తం వ్యవహారానికి కాపలా. కడుగుతుంది, ఆక్సిజన్ తెస్తుంది. నిద్రలో దాదాపు ఆగిపోతుంది, అందుకే పొద్దున్నే అందరి నోరూ వాసనే. ఈమెకు పగలంతా కూడా నిద్రపోయిన నోరే.

ఇవన్నీ ఆమెకు మాటల్లో చెప్పలేదు. తిత్తిలోంచి తీసిన పాచిని నీటి చుక్కతో కలిపి, నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోప్ కింద పెట్టి టీవీ తెర మీద చూపించాను. స్ప్రింగుల్లా మెలికలు తిరుగుతూ పరుగెత్తుతున్న స్పైరోకీట్‌లు అనే బాక్టీరియాను చూసి ఆమె మొదటిసారి కొంగు తీసి, "ఇవి నా నోట్లోవా!" అన్నారు. ఏ మౌత్‌వాష్ ఇస్తారన్న ప్రశ్న మళ్ళీ అడగలేదు.

చికిత్సలో మొదటిది నాలుక. మన ఇళ్ళలో నాలుక గీసుకోవడం కొత్త కాదు, ఆమె కూడా రోజూ గీసుకుంటారు. ఎలా గీస్తారో చూపించమన్నాను. కొన నుంచి సగం దాకా, గట్టిగా, పదిసార్లు. శుభ్రంగా ఉన్న భాగాన్నే రోజూ శుభ్రం చేస్తున్నారు. పాచి ఉన్న వెనక భాగానికి బద్ద వెళ్తే డోకు వస్తుందని ఆపేస్తున్నారు. గుడ్డతో నాలుక కొన పట్టుకుని ముందుకు లాగి, ఊపిరి మెల్లగా వదులుతూ, వెనక నుంచి ముందుకు మూడు సార్లు మెత్తగా గీయడం నేర్పాను. ఊపిరి వదులుతున్నప్పుడు డోకు తగ్గుతుంది. వారం రోజుల్లో అలవాటైంది. రక్తం వచ్చేలా గీయడం వల్ల ఏ లాభమూ లేదు.

రెండోది చిగుళ్ళు. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయటగా?" అని భర్త అడిగారు. ఈ మాట వినని పళ్ళ డాక్టరు తెలుగు నేల మీద ఉండడు. గార తీశాక సందులు కనిపిస్తాయి, నిజమే. ఆ సందులు జబ్బు చేసినవి. గార వాటిని ఇన్నాళ్ళూ కప్పి ఉంచింది. నాలుగు సిట్టింగులలో మత్తు ఇచ్చి, వేర్ల మీది గారను చిగురు లోపలి దాకా తీశాను. పళ్ళ సందులకు సరిపడే చిన్న బ్రష్‌లు రెండు సైజుల్లో ఇచ్చాను.

మందులు తక్కువే. రెండు వారాలు బాక్టీరియాను చంపే మౌత్‌వాష్, 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్, రోజుకు రెండుసార్లు, పేస్టుతో తోముకున్న అరగంట తర్వాత. పేస్టులోని నురుగు పదార్థం దాని పని చెడగొడుతుంది, అందుకే ఆ ఎడం. టీ మానలేనన్నారు. పళ్ళ మీద గోధుమ రంగు మరకలు వస్తాయని ముందే చెప్పాను, వచ్చాయి, తర్వాత పాలిష్ చేశాను. ఆపైన జింక్ ఉన్న రిన్స్ ఇచ్చాను. జింక్ సల్ఫర్‌ను పట్టుకుని గాలిలోకి లేవని పదార్థంగా మారుస్తుంది. తక్కువ మోతాదు క్లోర్‌హెక్సిడిన్, సీటైల్ పిరిడినియం క్లోరైడ్, జింక్ లాక్టేట్ కలిపిన ద్రావణం వాసనను బాగా తగ్గించిందని 2003లో డచ్ పరిశోధకుల అధ్యయనం ఒకటి ఉంది.

నూనె పుక్కిలింత గురించి ఆమె అడిగారు కాబట్టి చెబుతాను. 2011లో చెన్నై పరిశోధకులు యుక్తవయసు పిల్లలతో చేసిన చిన్న ప్రయోగంలో నువ్వుల నూనె వాసన తగ్గించడంలో క్లోర్‌హెక్సిడిన్‌కు దగ్గరగానే నిలిచింది. దాన్ని కొట్టిపారేయను. కానీ 6 మిల్లీమీటర్ల తిత్తి అడుగుకు నూనె చేరదు, క్లోర్‌హెక్సిడిన్ కూడా చేరదు. పుక్కిలింత ఏదైనా పైపైనే.

మంచి బాక్టీరియాను నాటడం గురించి కూడా ఆమె ఎక్కడో చదివారు. న్యూజిలాండ్‌లోని ఒటాగో యూనివర్సిటీలో జాన్ టాగ్ బృందం స్ట్రెప్టోకాకస్ సాలివేరియస్ కె12 అనే రకాన్ని వెలికితీసింది. 2006లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో ముందు క్లోర్‌హెక్సిడిన్‌తో నోరు కడిగించి, తర్వాత ఆ బాక్టీరియా ఉన్న బిళ్ళలు చప్పరించమన్నారు. చాలామందిలో సల్ఫర్ వాయువులు తగ్గాయి. ఆశ కలిగించే దారే. అయితే ముందు పాతవాటిని ఖాళీ చేయించాకే కొత్తవాటిని పంపారన్నది గమనించాలి. గార నిండిన నోట్లో బిళ్ళ వేసుకుంటే ఏమవుతుందో ఆ అధ్యయనం చెప్పదు. నేను ఇవ్వలేదు.

షుగర్‌కు ఫిజీషియన్ దగ్గరికి పంపాను. నీళ్ళ సీసా బల్ల మీద పెట్టుకుని ప్రతి పీరియడ్ తర్వాత నాలుగు గుక్కలు తాగమన్నాను. పిప్పరమెంట్ల బదులు చక్కెర లేని చూయింగ్ గమ్. పాంటోప్రజోల్ అవసరమో కాదో ఇచ్చిన డాక్టరునే అడగమన్నాను, నెలలో ఆపేశారు.

ఆరు వారాలకు మళ్ళీ కొలిచాను. నాలుక స్పూను 1. చిగుళ్ళ నుంచి రక్తం బాగా తగ్గింది, తిత్తులు చాలావరకు 4 లోపుకు వచ్చాయి. నేను సంతోషించాను. కానీ నోటి స్కోరు 2 దగ్గర ఆగిపోయింది. "మధ్యాహ్నం అయ్యేసరికి కుడివైపు ఏదో చేదు రసం ఊరినట్టుంటుంది డాక్టర్ గారూ" అన్నారామె.

కుడివైపు కింద దవడలో మూడు పళ్ళ బ్రిడ్జి ఉంది, అంటే ఊడిన పన్ను చోట, అటూ ఇటూ ఉన్న పళ్ళకు క్యాపులు తొడిగి కట్టిన కట్టుడు పళ్ళు. ఎనిమిదేళ్ళ క్రితం వేరే ఊళ్ళో కట్టించుకున్నది. మొదటి పరీక్షలో దాన్ని వేలితో కదిపి చూశాను, కదల్లేదు. ఎక్స్‌రేలో లోహపు క్యాప్ కింద ఏముందో కనిపించదు. బ్రిడ్జి పళ్ళు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి మామూలు ఫ్లాస్ మధ్యలోంచి దిగదు. దిగదని వదిలేశాను. వదిలేయకుండా ఉండాల్సింది. భర్త చెప్పిన ఏడెనిమిదేళ్ళ మాట, బ్రిడ్జి వయసు ఎనిమిదేళ్ళు కేస్ షీటులో ఒకే పేజీలో ఉన్నాయి. రెండింటినీ నేను కలిపి చదవలేదు.

ఈసారి గట్టి కొన ఉన్న ఫ్లాస్‌ను బ్రిడ్జి కింద నుంచి దూర్చి లాగాను. వాసన 5. వెనక క్యాప్ మీద వేలితో గట్టిగా నొక్కితే అంచు దగ్గర చిన్న బుడగలు వచ్చాయి. అంటే వెనక పన్ను మీద సిమెంట్ ఎప్పుడో కరిగిపోయింది. ముందు క్యాప్ గట్టిగా పట్టుకుని ఉండటం వల్ల బ్రిడ్జి మొత్తం కదలనట్టు కనిపించింది. నమిలిన ప్రతిసారీ ఆ క్యాప్ పంపులా పని చేసి, ఉమ్మునూ తిండి రసాన్నీ లోపలికి పీల్చి, కుళ్ళినదాన్ని బయటికి తోస్తోంది.

కోసి తీశాం. గదిలో కిటికీలు తెరవాల్సి వచ్చింది. క్యాప్ లోపల నల్లటి జిగురు, దాని కింద పన్ను మెత్తబడి సగం పుచ్చిపోయింది. ఆమె అద్దంలో చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది ఒకటే: "ఇది కడుపు కాదు కదా?" కాదమ్మా అన్నాను.

పుచ్చు తీసి, ఆ పన్నుకు రూట్ కెనాల్ చేసి, తాత్కాలిక క్యాప్ పెట్టి మూడు నెలలు ఆగాను. కొత్త బ్రిడ్జి కట్టేటప్పుడు కింద చిన్న బ్రష్ దూరేంత ఖాళీ వదిలించాను. అందంగా చిగురును అంటుకుని ఉండేలా కట్టమని చాలామంది అడుగుతారు. నవ్వినా కనిపించని వెనక దవడలో ఆ అందం కోసం శుభ్రతను వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆరు నెలలకు: నోటి స్కోరు మూడు విజిట్లలో రెండుసార్లు 0, ఒకసారి 1. నాలుక పాచి 12కి 3. హెచ్‌బీఏ1సీ 7.0. దాని ఘనత చాలావరకు మందులదీ, నడకదీ. చిగుళ్ళ చికిత్స వల్ల మూడు నాలుగు నెలల్లో సగటున 0.43 పాయింట్లు తగ్గుతుందని అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2022 నాటి కోక్రేన్ సమీక్ష లెక్క, అంతకంటే ఎక్కువ నేను చెప్పుకోను. భర్తను మళ్ళీ పక్క గదిలోకి పిలిచి అడిగాను. ఈసారి నేల చూడలేదు.

పై కుడి మొదటి దవడ పన్ను మాత్రం ఇంకా లొంగలేదు. వేర్లు చీలే చోట తిత్తి 5 దగ్గర నిలిచింది, అక్కడ తిప్పిన ఫ్లాస్ ఇప్పటికీ 1 వాసన వస్తోంది. సర్జరీ చేయాలా, ఇలాగే మూడు నెలలకోసారి శుభ్రం చేస్తూ కాపాడుకోవాలా అన్నది వచ్చే విజిట్‌లో కొలతలు చూసి నిర్ణయిస్తాం. అప్పటిదాకా ఆ సందుకు రెండో సైజు బ్రష్, రాత్రి పడుకోబోయే ముందు, తప్పకుండా.